రజ మూడు రోజులూ ఇడ్లీ పిండి లేకుండా

జూన్ రెండో వారంలో విశాఖ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, శని, ఆది, సోమవారాలు మీ ఊరు వస్తున్నాం. గోపాలపురం సముద్రం చూపించు. చల్లని చోట ఒక రాత్రి ఉంచు. మిగిలింది నీ ఇష్టం" అన్నాడు. వాళ్ళకు బడులు పన్నెండో తారీఖునే తెరిచేశారు. "తెరిచిన వారంలో చదువేం చెబుతారులే" అని వాడి ధీమా. మాకు ఒడిశాలో ఇంకా వేసవి సెలవులే. వాడు చూసుకోని సంగతి ఒకటుంది. ఆ మూడు రోజులూ రజ పండుగ. మా బరంపురంలో ఇల్లు పట్టుకుని కూర్చునేవాళ్ళు కూడా ఆ మూడు రోజులూ ఏదో ఒక దిక్కుకు బయల్దేరతారు. సముద్రం వైపు వెళ్ళేవాళ్ళే ఎక్కువ.

రజ అంటే ఏమిటో తెలియకుండా ఇటు వచ్చే మనవాళ్ళు చాలామందే ఉన్నారు, కనుక ముందు అది చెబుతాను. సూర్యుడు మిథునంలోకి వచ్చే వేళ భూమాత రజస్వల అవుతుందని ఇక్కడి నమ్మకం. మొదటి రోజు పహిలి రజ, రెండో రోజు సంక్రాంతి, మూడో రోజు బాసి రజ. నాలుగో రోజు వసుమతి స్నానం. మొదటి మూడు రోజులూ నాగలి ముట్టరు, నేల తవ్వరు, రోట్లో రుబ్బరు. ఆడపిల్లలు పని చేయకూడదు. కొత్త బట్టలు కట్టుకుని, కాళ్ళకు అలతా అనే ఎర్రరంగు పెట్టుకుని, తాంబూలం నములుతూ ఊయల ఊగడమే వాళ్ళ పని. పండుగ ముందు రోజును 'సజబజ' అంటారు. అంటే సర్దుకోవడం, సింగారించుకోవడం. రుబ్బవలసినవన్నీ ఆ రోజే రుబ్బేసుకోవాలి.

మా పుట్టింటివాళ్ళది పర్లాకిమిడి దగ్గర పల్లె. ఏరువాక పున్నమినాడు ఎడ్ల కొమ్ములకు రంగులు పూసి నాగలి కట్టడం చూస్తూ పెరిగాను. పున్నమి తిథిని బట్టి ఏరువాక ముందూ వెనకా జరుగుతుంది. రజ మాత్రం సౌరమానం కనుక ఏటా జూన్ నడుమనే వస్తుంది. ఈసారి ఏరువాక వెళ్ళిన మూడోనాడే పహిలి రజ. మనవాళ్ళు అప్పుడే గీటు పెట్టిన నేలకు వీళ్ళు సెలవు ఇచ్చేశారన్నమాట. పెళ్ళయిన కొత్తలో నాకిది విచిత్రంగా ఉండేది.

మా అత్తయ్యకు ఆ విచిత్రం లేదు. ఒడియా ఇరుగుపొరుగు మధ్య నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి. "మనం తెలుగువాళ్ళం, మిక్సీ తిప్పితే ఏమవుతుందమ్మా?" అని మా ఆయన అడిగితే, "పక్కింటి పిల్లలు వింటారురా" అంది. అంతే, మూడు రోజులు పిండి లేదు. శుక్రవారం సాయంత్రం వీధి చివర కొట్టులో రుబ్బిన పిండి కొందామని వెళితే మూడు గంటలకే అయిపోయిందట. మా వీధిలో తెలుగిళ్ళన్నీ ఒకే లెక్క వేసుకున్నట్టున్నాయి. రజ రోజుల్లో బరంపురంలో చుట్టాలను దింపుకునేవాళ్ళు పిండి గురువారమే తెచ్చి పెట్టుకోండి.

తమ్ముడు, మరదలు, వాళ్ళ ఇద్దరు పిల్లలు శుక్రవారం రాత్రి బండికి దిగారు. విశాఖ నుంచి రైల్లో నాలుగైదు గంటల ప్రయాణం. పండుగ వారంలో రిజర్వేషన్ లేకుండా ఎక్కవద్దు. ఇచ్ఛాపురం దాటగానే బోర్డుల మీద లిపి మారిపోయిందని పిల్లలు ఒకటే కబుర్లు. ఊరి పేరు కూడా మారిపోయిందని మేనల్లుడికి అనుమానం వచ్చింది. మనం బరంపురం అంటాం, స్టేషన్లో బ్రహ్మపూర్ అని ఉంటుంది. దిగాలా వద్దా అని వాళ్ళ నాన్నను అడిగాడట.

శనివారం తెల్లవారుజామున అయిదింటికే అందరినీ లేపి గోపాలపురం బయల్దేరదీశాను. ఊరి నుంచి పదహారు కిలోమీటర్లు. పండుగ రోజుల్లో ఈ సముద్రానికి రెండు ముఖాలుంటాయి. పొద్దున ఎనిమిది లోపు చూసేది ఒకటి, సాయంత్రం నాలుగు తర్వాతది ఒకటి. మొదటిదే చూడండి. మేం వెళ్ళేసరికి వలలు దులుపుకునే జాలర్లు తప్ప ఒడ్డున పెద్దగా జనం లేరు. ఈ జాలర్లను ఒడియావాళ్ళు నోలియాలంటారు. వాళ్ళ ఇంటి మాట తెలుగు. మరదలికి ఇది తెలియదు. పడవ దగ్గర కూర్చున్న పెద్దాయనతో వచ్చీరాని హిందీలో ఏదో అడుగుతుంటే ఆయన ఓపికగా విని, "తెలుగులో అడుగమ్మా, చెబుతాను" అన్నాడు. తర్వాత అరగంట ఆయన్ని మాకు వదల్లేదు మరదలు.

ఆయన చెప్పిన మాటే ఇక్కడ అందరికీ చెప్పాలి. ఇక్కడి అల పైకి ఎంత అందంగా ఉన్నా కింద లాగుడు ఎక్కువ. ఒడ్డు కూడా ఉన్నట్టుండి లోతైపోతుంది. మోకాలి లోతు దాటి పిల్లలను పంపకూడదు. ఈత వచ్చనే ధైర్యం ఇక్కడ పనికిరాదు. మా తమ్ముడికి ఆ ధైర్యం ఉంది. పెద్దాయన వాడివైపు ఒక చూపు చూశాడు. వాడు పంట్లాం మడతలు దించేసుకున్నాడు.

ఒడ్డున పాత రేవు గోడల ముక్కలు ఇంకా నిలబడి ఉన్నాయి. ఒకప్పుడు ఇక్కడి నుంచే స్టీమర్లలో గంజాం జిల్లా కూలీలు బర్మా వెళ్ళేవారు. రంగూన్‌ను మన పల్లెల్లో 'రంగం' అంటారు. అత్తయ్య తాతగారు కూడా ఈ రేవు నుంచే రంగం వెళ్ళి నాలుగేళ్ళకు తిరిగొచ్చారట. ఆ గోడ పక్కన నిలబడి ఆవిడ ఆ కథ చెబుతుంటే మా అమ్మాయి ఫోను పక్కన పెట్టింది. ఇది నేను చూసిన అద్భుతాల్లో ఒకటి. దీపస్తంభం పైకి ఎక్కాలంటే సాయంత్రం పూట కొద్దిసేపే రానిస్తారు, కనుక పొద్దున వచ్చిన మాకు అది దక్కలేదు. ఎనిమిదిన్నరకు మేం వెనక్కి తిరిగేసరికి ఎదురుగా బళ్ళు బారులు తీరి వస్తున్నాయి.

శనివారం మధ్యాహ్నం నుంచి రాత్రి వరకూ దిగపహండి వైపు ఒక పల్లెలో గడిపాం. మా బడిలో ఒడియా చెప్పే టీచరమ్మ పుట్టిల్లు అది. ఈ యాత్రలో డబ్బు ఖర్చు కానిదీ, అందరికీ గుర్తుండిపోయిందీ ఇదే. ఊరి చివర మామిడితోట, నాలుగైదు చెట్లకు ఊయలలు. లావు కొమ్మకు రెండు మోకులు కట్టి, కింద చెక్క పలక బిగిస్తే అది పట దోలి. రామ దోలి, చర్కి దోలి, దండి దోలి అని ఇంకా రకాలున్నాయట కానీ ఆ ఊళ్ళో పలక ఊయలే రాజ్యం. పలక మీద ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా నిలబడతారు. మోకాళ్ళు వంచుతూ, లేస్తూ ఊపు పెంచుకుంటూ పోతారు. ఊయల కొమ్మ ఎత్తుకు వెళ్ళేసరికి చూసేవాళ్ళకు గుండె నోట్లోకి వస్తుంది, ఊగేవాళ్ళు మాత్రం పాట ఆపరు.

మా మేనకోడలికి పదకొండేళ్ళు. విశాఖలో మాల్‌కు వెళితే యంత్రపు ఊయలలన్నీ ఎక్కేసే పిల్ల. ఇక్కడ మాత్రం పావుగంట సేపు చెట్టు చాటునే నిలబడింది. తన వయసు పిల్లే ఒకతి వచ్చి, భాష రాకపోయినా, చేయి పట్టుకుని పలక మీద కూర్చోబెట్టి వెనక నుంచి తోసింది. ఆ తర్వాత దాన్ని దింపడానికి మా తమ్ముడు రెండుసార్లు వెళ్ళి రెండుసార్లూ ఉత్తచేతులతో వచ్చాడు. మగపిల్లలకు ఊయలలో వంతు రావడం కష్టమే. మా మేనల్లుడు అలిగితే ఊరి కుర్రాళ్ళు కబడ్డీకి తీసుకెళ్ళారు. పెద్ద మగవాళ్ళంతా ఒక అరుగు మీద పేకాటలో ఉన్నారు. మా ఆయన "కాసేపు చూసి వస్తాను" అని వెళ్ళి చీకటి పడ్డాక వచ్చారు.

టీచరమ్మ తల్లి మాకు పోడ పిఠా పెట్టింది. మరదలు "ఛెనా పోడేనా వదినా?" అని అడిగింది. కాదు, అది విరిగిన పాలతో చేసే మిఠాయి. ఇది బియ్యం, మినప్పప్పు రుబ్బిన పిండిలో బెల్లం, కొబ్బరి, అల్లం, యాలకులు కలిపి, అరిటాకు పరిచిన గిన్నెలో పోసి, కిందా మీదా నిప్పులు పెట్టి రాత్రంతా సన్నని సెగ మీద కాల్చేది. మన దిబ్బరొట్టెలో బెల్లం వేసి రాత్రంతా కుంపటి మీద మరిచిపోతే ఎలా ఉంటుందో ఇంచుమించు అలా ఉంటుంది. అంచు నల్లగా, కరకరలాడుతూ ఉండాలి. లోపల మెత్తగా, కాస్త తడిగా ఉండాలి. బరంపురం మిఠాయి కొట్లలోనూ ఈ మూడు రోజులు అమ్ముతారు గానీ మేం కొన్నది మైదా కేకు లాగా పొంగి ఉంది. కొట్టుది కొని పోడ పిఠా తిన్నామనుకోకండి. తెలిసిన ఇల్లు ఒక్కటైనా ఉంటే వాళ్ళ గడపకు వెళ్ళండి, పండుగనాడు వచ్చినవాళ్ళను ఎవరూ తినకుండా పోనివ్వరు.

అత్తయ్య వంటింటి గుమ్మంలో కూర్చుని ఆ తల్లితో ఏకబిగిన మాట్లాడుతూనే ఉంది. ఆవిడ ఒడియా అంతా కూరగాయల బజారులో నేర్చుకున్నదే. ధర అడిగినట్టే ఉంటుంది ఏం మాట్లాడినా. పొయ్యి పక్కన సన్నికల్లు గోడకు ఆనించి, మీద గుడ్డ కప్పి ఉంది. భూదేవికి బదులు దానికే నాలుగో రోజు స్నానం చేయించి, పసుపు రాసి, పూలు పెడతారని ఆ తల్లి చెప్పింది. అత్తయ్య అక్కడ ఏమీ అనలేదు.

ఆదివారం అసలు చిక్కంతా బండితో. సంక్రాంతి రోజు కావడంతో డ్రైవరు పదింటికి గానీ రానన్నాడు. వాళ్ళ చెల్లెలికి ఊయల కట్టి రావాలట. కోపం తెచ్చుకునే కారణమా అది! పండుగ మూడు రోజులకూ బండి కావలసినవాళ్ళు ఈ సంగతి ముందే మాట్లాడుకోండి, ఆ ఒక్క రోజుకు నాలుగు డబ్బులు ఎక్కువ ఇవ్వడానికి కూడా సిద్ధంగా ఉండండి. బస్సుల మీద ఆశ పెట్టుకోవద్దు. తిరిగే నాలుగూ కిక్కిరిసి ఉంటాయి.

తప్తపాణి బరంపురానికి సుమారు యాభై కిలోమీటర్లు. దిగపహండి దాటాక కొండదారి మొదలవుతుంది. అడవి మధ్య గంధకపు వేడినీటి బుగ్గ. బుగ్గ దగ్గర వెలసిన అమ్మవారిని కంధి దేవి అంటారు. పిల్లలు లేని ఆడవాళ్ళు మొక్కుకుని ఆ గుంటలో గింజ కోసం వెతుకుతారని చెబుతారు. నీళ్ళు పుట్టే చోట చేయి పెట్టలేం, కింది తొట్టిలోకి మళ్ళించిన నీటిలో స్నానం చేస్తారు. జూన్ ఎండలో వేడినీటి స్నానమేమిటని తమ్ముడు నవ్వాడు. వాడి మాటా నిజమే. చలికాలంలో వచ్చినప్పుడు ఇక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు నాకు, ఈసారి అరగంటకే చాలనిపించింది. పిల్లలు ముక్కులు మూసుకుని "అత్తా, కుళ్ళిన గుడ్డు వాసన" అంటూ బండి దగ్గరికి పరిగెత్తారు. పండుగ గుంపు కూడా తోడైంది. ఎండాకాలం చివర్లో తప్తపాణికే అని పని పెట్టుకుని రానక్కర్లేదు. దారిలో ఉంది కనుక ఆగవచ్చు.

ఇక బస. అక్కడి ప్రభుత్వ పాంథనివాస్‌లో కొన్ని గదుల్లోకి బుగ్గ నీరే వస్తుంది. అందుకే ముందు అదే ప్రయత్నించాను. పండుగకు వారం ముందు అడిగితే గదులెక్కడ మిగులుతాయి? తప్పు నాదే. మే నెలలోనే చూసుకుని ఉండవలసింది. దాంతో ఆ కొండదారిలోనే ఒక ప్రైవేటు లాడ్జిలో ఫోను మీద రెండు గదులు చెప్పి, సగం డబ్బు పంపించాను. పేరు రాయను. వెళ్ళాక ఒకటే గది ఉందన్నారు. రెండోది "పొరపాటున" వేరేవాళ్ళకు ఇచ్చేశారట. అద్దె మామూలు రోజులకు దాదాపు రెండింతలు. కరెంటు పోయిందంటే జనరేటరుకు నూనె లేదన్నారు. ఎనిమిది మందిమి ఒకే గదిలో పడుకున్నాం. ఆడవాళ్ళు మంచాల మీద, మగవాళ్ళు కింద. మేనల్లుడు అర్ధరాత్రి లేచి "అత్తా, ఇదే చల్లని చోటా?" అని అడిగాడు. పొద్దున గొడవ పడితే మూడో వంతు డబ్బు తిరిగిచ్చారు. ఫోను మీద డబ్బు పంపేటప్పుడు ఎన్ని గదులో సందేశంలో రాయించుకోవాలని అప్పుడు బుద్ధి వచ్చింది. ఆ సందేశం ఉంటే మొత్తం తిరిగి రాబట్టేదాన్ని.

కానీ ఆ రాత్రికి ముందు ఆదివారం మధ్యాహ్నమంతా చంద్రగిరిలో గడిచింది. అందువల్లే ఎవరూ నన్ను పెద్దగా తిట్టలేదు. బరంపురం నుంచి సుమారు ఎనభై అయిదు కిలోమీటర్లు, గజపతి జిల్లా. చైనా ఆక్రమణ తర్వాత వచ్చిన టిబెటన్లకు 1963లో ఇక్కడ నివాసం ఏర్పాటు చేశారు. కొండల మధ్య అయిదు శిబిరాలుగా ఉంటారు. జిరంగ్ దగ్గర పద్మసంభవ మహావిహారం ఉంది. 2010లో దలైలామా వచ్చి దాన్ని ప్రారంభించారు. మొక్కజొన్న చేల మధ్య ఒక్కసారిగా ఆ బంగారు శిఖరాలు కనబడితే, ముందే చూసి ఉన్న నాకు కూడా మళ్ళీ ఆశ్చర్యమే.

రజ వారాంతానికి ఎక్కడికి వెళ్ళాలని అడిగితే దీన్నే ముందు చెబుతాను, కారణం ఉంది. ఇది వాళ్ళ పండుగ కాదు. కింద ఊళ్ళన్నీ ఊగిపోతుంటే ఇక్కడ రోజూలాగే ఉంది. కుర్ర సన్యాసులు ఎర్ర గుడ్డలు నడుముకు చుట్టుకుని బంతి ఆడుతున్నారు. మా మేనల్లుడు కాసేపు చూసి, ఎవరూ పిలవకముందే ఆటలోకి దూరాడు. లోపల పెద్ద బుద్ధ విగ్రహం ముందు ఎవరూ మాట్లాడరు, మనమూ మాట్లాడకూడదు. చెప్పులు బయటే. గోడల మీది బొమ్మలు చూడటానికే గంట పడుతుంది.

అత్తయ్య ప్రార్థన చక్రాలు తిప్పుతూ చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసింది. "అమ్మాయీ, శాలిహుండం కొండ మీద ఉన్నదీ ఈయనే కదా?" అంది. అవునన్నాను. శ్రీకాకుళం దగ్గరి శాలిహుండంలో ఇటుకల స్తూపం శిథిలాలే మిగిలాయి, ఇక్కడ దీపం వెలుగుతోంది. ఆవిడ చాలాసేపు అక్కడే కూర్చుంది.

తిండి సంగతి. శిబిరం దగ్గర చిన్న హోటల్లో మోమోలు, తుక్పా తిన్నాం. తుక్పా అంటే నూడుల్స్, కూరగాయలు వేసిన చారు. రెండూ వేడివేడిగా, ధర మర్యాదగా ఉన్నాయి. కాస్త ఆలస్యమవుతుంది, ఆకలి మీద వెళ్ళవద్దు. శాకాహారులు ముందే చెప్పి మరీ అడగాలి. అత్తయ్య ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర విప్పి, "నాకు ఇదే తుక్పా" అంది. సాయంత్రం ఒక జల్లు పడింది, కొండగాలి చల్లబడింది. ఆ చలవను వదిలి లాడ్జికి దిగడం మనసుకు కష్టమైంది. ఈసారి వస్తే చంద్రగిరి వైపే బస వెతుక్కుంటాను.

సోమవారం మధ్యాహ్నానికి బరంపురం చేరాం. దీపస్తంభం ఎక్కలేదని పిల్లలు సాయంత్రం గోపాలపురమే మళ్ళీ పట్టుబట్టారు. బాసి రజ సాయంత్రం! వద్దన్నా వినలేదు. సగం దారిలో బళ్ళు ఆగిపోయాయి. ముప్పావుగంటలో కిలోమీటరు కూడా కదల్లేదు. అక్కడి నుంచే వెనక్కి తిప్పించాను. నేను ముందే చెప్పానని అనలేదు, అనవలసిన అవసరం లేకుండా అందరూ నావైపు చూశారు.

మరదలికి బరంపురం పట్టుచీర కావాలి. పండుగ రోజుల్లో మంచి కొట్లు సగం మూసి ఉంటాయి, నేతగాళ్ళ ఇళ్ళలో మగ్గం ఆడదు. చీర కొనాలనుకునేవాళ్ళు ముందో వెనకో ఒక రోజు ఉంచుకోండి. బరువైన పట్టు, గుడి గోపురాల వరసలా కోసుగా ఉండే కుంభం అంచు, ఇవీ దాని గుర్తులు. నేసే దేరా కులస్థుల పూర్వీకులు రాజమండ్రి ప్రాంతం నుంచి వచ్చారని చెబుతారు. తెరిచి ఉన్న ఒక కొట్లో మరదలు అంచు పట్టుకుని చూస్తుంటే కొట్టతను, "ఇది మీ ఊరి చెయ్యేనమ్మా, వచ్చి చాలా కాలమైంది" అన్నాడు. బేరంలో మాత్రం ఆ చుట్టరికం కనబడలేదు.

మంగళవారం పొద్దున వాళ్ళను రైలెక్కించాను. టీచరమ్మ తల్లి కట్టిచ్చిన పోడ పిఠా ముక్క ఒకటి బుట్టలో పెట్టాను. పలాస దాటకముందే అయిపోయిందని ఫోను వచ్చింది. ఎదురు బెర్తులో ఉన్న ముసలాయన వాసన చూసి తనకూ ఒక ముక్క ఇమ్మన్నాడట.

ఇంటికి వచ్చేసరికి పెరట్లో అత్తయ్య రుబ్బురోలు కడుగుతోంది. ఎప్పుడో వాడటం మానేసిన రోలు అది, పైన పూలకుండీ ఉండేది. కుండీ పక్కకు జరిపింది. కడిగి, పసుపు రాసి, గన్నేరు పూలు పెట్టింది. "మరి మిక్సీకి?" అని మా ఆయన అడిగారు. దాని మూత మీద కూడా ఒక పువ్వు పెట్టింది. తర్వాత మినప్పప్పు నానబోసింది. బుధవారం పొద్దున ఇడ్లీ తిన్నాం.